పోశన్న నడిచిన తొవ్వ

పోశన్న ఇక లేడన్న వార్త నాకు కంపెనీ చెప్పలేదు, పోలీసులు చెప్పలేదు. మా షాపు పక్క మందుల దుకాణం మలయాళీ ఆయన వచ్చి చెప్పాడు. "మీ మనిషి ఇప్పుడే జ్వరం మాత్రలు తీసుకుని వెళ్ళాడు. పెద్దరోడ్డు పక్కన పడి ఉన్నాడు" అని ఆయన హిందీలో అంటుంటే నా చేతిలో కొలత టేపు అలాగే ఉండిపోయింది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. వారం దాటినా ఆ కోపం దిగలేదు. సంస్మరణ రాసేవాడు ప్రశాంతచిత్తంతో కూర్చోవాలని మా ఓరియంటల్ కాలేజీలో గురువుగారు చెప్పేవారు. భాషాప్రవీణ పట్టా పెట్టెలో పెట్టుకుని మస్కట్ పక్కన అల్ హైల్‌లో బట్టలు కుట్టుకునే వాడికి ఆ ప్రశాంతత ఎక్కడినుంచి వస్తుంది?

ఈ వ్యాసం రాయడానికి కారణం ఇక్కడి మన తెలుగు సంఘం మొన్న పెట్టిన సంతాపసభ. వేదిక మీద పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి పోశన్నను సౌమ్యమూర్తి అన్నారు, మితభాషి అన్నారు, అజాతశత్రువు అన్నారు. పూలదండ వేసిన ఆ ఫోటోలో ఉన్నది ఎవరా అని నాకు అనుమానం వచ్చింది. పోశన్న సౌమ్యుడా! చాయ్‌లో చక్కెర తక్కువైతే గ్లాసు ఎత్తి హోటలతని ముందు పెట్టి, "గిది చాయ్ అయితె నువ్వే తాగు" అనేవాడు. మితభాషి అట! ఆయన మొదలుపెడితే నా కుట్టుమిషను చప్పుడు కూడా వినిపించేది కాదు. చనిపోయినవాడు ఎదురు చెప్పలేడన్న ధైర్యంతో ఒక మనిషిని ఇలా ఉతికి ఇస్త్రీ చేసి నిలబెట్టడం నాకు సహించలేదు. అందుకే నా ఎరుకలోని పోశన్నను ఇక్కడ నిలబెడుతున్నాను. ఆయన కోపధారి. ఆ కోపం అకారణం కాదు.

జగిత్యాల వైపు ఒక పల్లె ఆయనది. తండ్రి ఊరి దొర దగ్గర జీతగాడు. పోశన్న చిన్నతనంలో ఒకనాడు ఆ తండ్రి నీళ్ళకావడితో దగ్గరి దారి అని దొర చేనుకు అడ్డంగా నడిచాడు. పైరు తొక్కలేదు, గట్టు మీదనే నడిచాడు. అయినా గడీ ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. "మా నాయిన గప్పటి సంది బతికినన్ని దినాలు చుట్టు తిరిగే పోయిండు పంతులూ" అని పోశన్న ఎన్నిసార్లు చెప్పాడో. నేను పంతులును కాను, మేర కులంలో పుట్టిన దర్జీని. నాలుగు పద్యాలు వచ్చిన పాపానికి ఆయన నాకు ఆ బిరుదు ఇచ్చాడు.

మస్కట్‌కు వచ్చిన కొత్తలో పోశన్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు బంగళాలో తోటమాలి. ఆ ఇంజనీరు తండ్రి ఇంగ్లండులో ఒక చిన్న పల్లెటూళ్ళో ఒంటరిగా ఉండేవాడు. ఆయనకు తుంటి ఎముక విరిగి, అతుక్కుని, మళ్ళీ నడక నేర్చుకోవలసి వచ్చింది. ఆసరాకు బలమైన భుజం ఒకటి కావాలని కొడుకు పోశన్నను ఒక ఎండాకాలమంతా అక్కడికి తీసుకుపోయాడు. ఆ ఊరి పేరుకు పోశన్న నోరు చివరిదాకా తిరగలేదు. 'ముసలిదొర ఊరు' అనేవాడు. మన వాళ్ళు విదేశం వెళ్ళివస్తే మేడల గురించి, మోటార్ల గురించి చెబుతారు. పోశన్న ఒక్కటే చెప్పేవాడు. తొవ్వ.

ఆ ఊరు చిన్నది. ఒక చర్చి, ఒక దుకాణం, నలభై ఇళ్ళ లోపు, చుట్టూ మెత్తటి గుట్టలు, గొర్రెలు, గోధుమ చేలు, ఆగి ఆగి పడే సన్నటి వాన. ఊరినుంచి నాలుగు దిక్కులకూ చేల మధ్యగా కాలిదారులు. కంచె అడ్డం వచ్చిన ప్రతిచోటా ఎక్కి దిగడానికి చెక్కమెట్లు. చేను ఎవరిదైనా సరే, ఆ దారిన నడిచే హక్కు అందరిదీ. కంచె వేసుకున్నవాడు మెట్లు కూడా వేయాలి. "పటేలు చేను పటేలుదే, తొవ్వ మాత్రం మందిది" అని చెబుతున్నప్పుడు పోశన్న కళ్ళు పెద్దవయ్యేవి.

ముసలిదొర వయసులో ఉన్నప్పుడు మన దేశంలో తెల్లవాళ్ళ సైన్యంలో పనిచేసి నాలుగు ముక్కలు హిందుస్తానీ నేర్చాడు. ఆ ముక్కలే ఇద్దరి మధ్యా వంతెన. ఒక ఉదయం ఇద్దరూ మెట్లు దాటి చూసేసరికి దారి ఉండాల్సిన చోట నడుమెత్తు గోధుమ నిలబడి ఉంది. రైతు దారిమీద కూడా విత్తేశాడు. ముసలిదొర కర్ర ఊతంతో పైరులోకి దిగి నడవడం మొదలుపెట్టాడు. పోశన్న మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"గింజ పాలు పోసుకుంటున్నది పంతులూ! గండ్ల కాలు పెడితె పాపం గాదా? నేను గట్టు వట్టుకొని చుట్టు తిరిగి పోదామని పోయిన. ముసలోడు చేను నడుమ నిలవడి కర్ర లేపి ఒకటే ఒర్రుడు. సీధా! రాస్తా సీధా హై! అని. నువ్వు చుట్టు తిరిగితె తొవ్వ గూడ నీ ఎంబడే చుట్టు తిరుగుతది, రేపు ఎవ్వలకు నడుమల నుంచి తొవ్వ ఉండదు అని అన్నడు."

అప్పుడు పోశన్న చేసిన పని ఆ దేశంలో అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. ముసలిదొర కొనిచ్చిన బూట్లు విప్పి, లేసులు ముడేసి మెడలో వేసుకున్నాడు. వంగి నేలను తాకి కళ్ళకు అద్దుకున్నాడు. ఆ తర్వాత ఒట్టి కాళ్ళతో, మొక్కకూ మొక్కకూ మధ్య వేళ్ళమీద అడుగు వేస్తూ, పైరుకు క్షమాపణ చెప్పుకుంటూ నడిచాడు. సరిగ్గా అప్పుడే ట్రాక్టరు మీద రైతు వచ్చాడు. తంతాడనే పోశన్న అనుకున్నాడు. ముసలాయనను ఎత్తుకుని ఉరకడానికి నడుం కూడా బిగించాడు. రైతు దిగి టోపీ తీశాడు. దారి వదలకుండా విత్తడం తన తప్పేనని ఒప్పుకున్నాడు. మెడలో బూట్లు వేలాడదీసుకున్న ఈ మనిషిని మాత్రం వింతగా చూశాడట. మర్నాటికల్లా చేను నడుమ దారి వెడల్పున పైరు కోసి ఉంది.

ఇది చెప్పిన ప్రతిసారీ పోశన్నకు కోపం వచ్చేది. "భూమి ఉన్నోడు టోపీ తీసుడు నా కండ్లతోని చూసిన. మరి మనల నేలినోళ్ళు గీ ముచ్చట మన దొరలకెందుకు చెప్పలె? రైళ్ళు నేర్పిరి, కోర్టులు నేర్పిరి. గిది మాత్రం ఇంట్లనే దాసుకున్నరు!" మన ప్రాంతాన్ని నేరుగా ఏలింది నిజాం గదా అని నేను చరిత్ర విప్పబోతే, "ఎవడేలితేంది? తొవ్వ మూసినోడు మూసినట్టే ఉన్నడు" అని నా నోరు మూయించాడు.

ఆయన ఆ ఊరికి భక్తుడైపోయాడని మాత్రం అనుకోవద్దు. సంతాపసభలో ఒకాయన "ఆంగ్లదేశపు ప్రకృతి సౌందర్యానికి ముగ్ధుడైన కర్షకుడు" అని సెలవిచ్చారు. ముగ్ధుడట! దుకాణంలో తను అడుగుపెట్టగానే దుకాణదారు గల్లాపెట్టె మీద చెయ్యి వేసిన సంగతి పోశన్న మరువలేదు. ఇంజనీరు వెంట వచ్చిన ఆయన భార్య, దొరసాని, తనకు మోటారుషెడ్డు పైన పడక వేసిన సంగతీ, వెనక తలుపునుంచే రమ్మన్న సంగతీ మరువలేదు. "చేన్ల పోనిస్తరు గని ఇంట్ల మాత్రం ఎనుక దర్వాజే" అని ఎవరి ముఖం మీదైనా చెప్పేవాడు. మంచిని మంచి అనడానికి, చెడ్డను చెడ్డ అనడానికి ఆయనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అక్కడ ఆయనకు బాగా నచ్చింది మరొకటి ఉంది. ఎండాకాలంలో ఒకరోజు ఊరివాళ్ళంతా కొడవళ్ళూ కత్తెరలూ పట్టుకుని అన్ని కాలిదారులూ కలిసి నడుస్తారు. అల్లుకున్న ముళ్ళకంప, తాకితే దద్దుర్లు లేచే మొక్కలు కోసేస్తారు. కొడవలి పట్టిన పోశన్న వాళ్ళందరికంటే ముందు నడిచాడట. ఇదంతా ఎందుకని అడిగితే, నడవకపోతే దారి చచ్చిపోతుందని ముసలిదొర చెప్పాడు. పోశన్న దాన్ని వేదవాక్యంలా పట్టుకున్నాడు. ఆ దేశపు చట్టంలో అలా లేదని, ఒకసారి దారి అయితే నడిచినా నడవకపోయినా దారేనని ఒక లాయరుబాబు ద్వారా తెలుసుకుని నేను చెప్పాను. "కాయిదం మీది తొవ్వ సావదు కావచ్చు పంతులూ. కాళ్ళ కింది తొవ్వ సత్తది" అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు ఆ ఇంజనీరు మస్కట్ వదిలి వెళ్ళిపోయాడు. పోశన్న వీసా ఒక కాంట్రాక్టు కంపెనీకి మారింది. పని సైట్లలో మట్టిపని, నివాసం అల్ హైల్ లేబర్ రూముల్లో. ఆ రూముల వెనక ఖాళీ జాగా, దానికి అవతల మా షాపుల వరుస, క్లినిక్కు, మందుల దుకాణం, టాక్సీలు ఆగే చోటు. మన జగిత్యాల, నిజామాబాదు మనుషులు డ్యూటీ దిగి ఆ జాగాలోంచి నడిచీ నడిచీ ఇసుకలో తెల్లటి కాలిబాట పడింది. రెండేళ్ళ కింద కంపెనీ ఆ జాగా తీసుకుని పైపులు, కర్రలు దింపుకుంది. సామాను పోతోందని చుట్టూ తీగ బిగించింది. ఇక రూముల వాళ్ళు షాపులకు రావాలంటే పెద్దరోడ్డు అంచు పట్టుకుని చుట్టు తిరగాలి. ఆ రోడ్డు మీద బండ్లు ఎలా పోతాయో, ఎండ ఎలా కాస్తుందో ఇక్కడ బతికేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. అడ్డుగా నిలబడాల్సిన పెద్దలందరూ మౌనం వహించారు. కంపెనీ జనరల్ మేనేజరుగారు మన తెలుగువారే, పైగా మన సంఘానికి పెద్దదిక్కు.

తీగ బిగించిన తొలి శుక్రవారం ఉదయమే పోశన్న స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, తీగ కింది వరస ఎత్తి దూరి, పైపుల మధ్యనుంచి పాత బాట మీద నడిచి మా షాపు ముందు తేలాడు. మరుసటి శుక్రవారం నలుగురు వచ్చారు. ఆ తర్వాత రూములకు రూములే కదిలాయి. ముసలిదొర ఊళ్ళో ఏడాదికోసారి నడిస్తే చాలు గదా, ఇక్కడ వారం వారం ఎందుకని అడిగాను. "ఆడ గడ్డి మొలుస్తది, జర నిదానం. ఈడ గాలి అత్తె తెల్లారేసరికి తొవ్వ కానరాదు" అన్నాడు. చిల్లిగవ్వ విలువ చేసే పైపుముక్క కూడా ఎవరూ ముట్టలేదు. ముట్టనిచ్చేవాడు కూడా కాదు.

మేనేజరుగారు పోశన్నను పిలిపించిన రోజు యూనిఫారాల కొలతలకని నేను ఆ ఆఫీసులోనే ఉన్నాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, పాస్‌పోర్టులోని పేరుతో పిలిచి, "చూడు పోశెట్టీ, ఇది కంపెనీ స్థలం. మీ ముసలిదొర ఊరనుకుంటున్నావేమో" అన్నారు.

"సార్, ఆయన ఊర్ల నేను గోదుమ చేన్లకెల్లి నడిచిన. ఈడ ఉన్నది ఇసుక. ఇసుకల నడిస్తె మీకేం పంట పాడయితున్నది?"

"నోరు పెంచితే క్యాన్సిల్ కొట్టి ఇంటికి పంపిస్తా."

"పంపుండ్రి సార్. ఏర్‌పోర్టుకు గూడ గా తొవ్వలకెల్లే పోత."

గుమాస్తాలు ఫైళ్ళలో తలలు దూర్చి నవ్వుకున్నారు. మేనేజరుగారికి మాత్రం ఆ నవ్వు గుచ్చుకుంది. పోశన్న ఒక్కడే అయితే పంపేసేవారే. వెనక నడిచేవాళ్ళందరినీ పంపితే సైటు ఆగిపోతుంది. అందుకని ఆయన మరో దారి వెతికారు. తీగ దగ్గర కాపలా ఉండే గంగారాం మావాడే, నిజామాబాదు జిల్లా వాడు, పెద్దవయసు మనిషి. ఇకమీదట ఒక్క కాలు తీగ దాటినా గంగారాం వీసా క్యాన్సిల్ చేస్తామని చెప్పారు. పేదవాడి ఎదుట పేదవాణ్ణి నిలబెట్టడమంటే ఇదే. గడీల దొరలకు తెలిసిన విద్యే, ఎడారికి కూడా వచ్చింది.

గంగారాం ఆ సాయంత్రమే రూముకు వచ్చి పోశన్న కాళ్ళు పట్టుకున్నాడు. "అన్నా, ఇంటికాడ నా ఆడిది గుండె జబ్బుతోని మంచం పట్టింది. నేను పంపే పైసలతోనే దానికి మందులు. నువ్వు దాటినవంటే నేను పోయినట్టే" అన్నాడు. పోశన్న మేనేజరును తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తిట్టీ తిట్టీ అలిసిపోయి, గంగారాంను లేపి కూర్చోబెట్టి, "లే, ఏడువకు. నీ బువ్వల కాలు వెట్టి నడువ" అన్నాడు. ఆ శుక్రవారం ఎవరూ తీగ దాటలేదు. పోశన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మరుసటి గురువారం ఆయన రూములోని రాజన్నకు జ్వరం పెరిగింది. డ్యూటీ దిగి కాళ్ళు కూడా కడుక్కోకుండా పోశన్న మందులకు బయలుదేరాడు. వెనక జాగాలోంచి వస్తే ఒక బీడీ కాలేలోపు దుకాణం చేరవచ్చు. తీగ పక్కన గంగారాం నిలబడి ఉన్నాడు. పోశన్న అతనికి చెయ్యి ఊపి, పెద్దరోడ్డు వైపు తిరిగాడు. మాత్రలు కొన్నాడు. తిరుగుదారిలో అసురసంధ్య వేళ, రోడ్డు అంచున, ఏదో బండి గుద్దేసి ఆగకుండా పోయింది. కాగితాలు పూర్తి కాలేదని శవం ఇంకా ఆసుపత్రి శీతలగదిలోనే ఉంది. ఊళ్ళో ఆయన భార్య లచ్చవ్వ రోజూ ఫోను బూతు దగ్గరికి వచ్చి నిలబడుతోందట. "రోడ్డు మీద జాగ్రత్తగా నడవాలని మనవాళ్ళు నేర్చుకోవాలి" అని సంతాపసభలో మేనేజరుగారు హితవు పలికారు. జాగ్రత్తగా నడిచే దారిని మూసింది ఎవరండీ అని అడిగే గొంతు ఆ సభలో లేదు. అడిగేవాడు ఫోటోలో ఉన్నాడు.

అంతటితో ఆగలేదు. చివర్లో మేనేజరుగారు గొంతు సవరించుకుని, దివంగతుని స్మృత్యర్థం కంపెనీ కంచెకు ఒక గేటు పెడుతుందని, దానికి 'పోశెట్టి ద్వారం' అని పేరు రాయిస్తామని ప్రకటించారు. హాలంతా చప్పట్లు. నేను లేచి, "గేటుకు తాళం ఉంటుందాండి?" అన్నాను.

"మరి ఉండదా? తాళంచెవి ఆఫీసులో ఉంటుంది. అవసరమైనవాళ్ళు వచ్చి అడిగితే తీస్తారు."

మళ్ళీ చప్పట్లు కొట్టారు. నా మనసులో ఏం రగిలిందో ఆ భగవంతునికే ఎరుక. అడగకుండా నడవడం కోసమే కదయ్యా ఆ మనిషి బతికింది! తండ్రి వీపు మీద బండను ఇన్నేళ్ళు మోసింది అందుకే కదా! అడిగి నడవడమే అయితే దొర గడీ ఏం పాపం చేసింది? ఆయనకు మరణం ఒకసారే వచ్చిందనుకున్నాను. ఆ బోర్డు మీద పేరు రాసి రెండోసారి చంపారు.

మొన్న శుక్రవారం ఉదయం గేటు చూడడానికి పెద్దరోడ్డు చుట్టు తిరిగి రూముల వైపు పోయాను. ఆకుపచ్చ రంగు, తెల్ల అక్షరాలు, కొత్త తాళం. పాత బాట ఉన్నచోట కూడా పెట్టలేదు, వాళ్ళ లారీలకు వీలైన మూలకు పెట్టారు. రూముల్లోంచి మనవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చారు. రాజన్న జ్వరం తగ్గి, మొహం పీక్కుపోయి, గోడకు ఆనుకుని నడుస్తూ వచ్చాడు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. గేటువైపు ఎవరూ పోలేదు. అందరం బాట ఉన్నచోటికే వచ్చి తీగ ముందు ఆగాం. గాలికి ఇసుక కప్పేసి అవతల బాట దాదాపు కనిపించడం లేదు.

అక్కడే నిలబడిపోయాం. ఎందుకు ఆగామో కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ తీగ ఎత్తి ముందు దూరిన మనిషి ఒక్కడే. మాకు వెనక నడవడం తప్ప ముందు నడవడం అలవాటు లేదు. అంతమంది మగవాళ్ళం, చదువుకున్నానని చెప్పుకునే నేను, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం. ఆయన లేని లోటు ఎంతటిదో సంతాపసభలో తెలియలేదు, అక్కడ తెలిసింది. అప్పుడే మొదటిసారి నాకు ఏడుపు వచ్చింది.

తీగ అవతల గంగారాం మావైపే చూస్తున్నాడు. దాటవద్దని దండం పెడతాడనుకున్నాను. అతను చేతికర్ర ఇసుకలో పడేసి, వచ్చి, తీగ కింది వరస రెండు చేతులా పట్టి పైకెత్తాడు. "రాండ్రి" అన్నాడు.